గ్రూపులో ఒక్కరి మాటే ఎందుకు నెగ్గుతుంది?

మీ గ్రూపులో గట్టిగా మాట్లాడే ఒక్కరు అన్నదే ఖాయమవుతోంది, నెమ్మదస్తుల వల్ల ఉపయోగం లేదా అని అడిగారు. ఉందండీ, చాలా ఉంది. ఆరుగురి టీమ్‌లో కొన్నేళ్ళు ఆ గట్టిగా మాట్లాడే మనిషిని నేనే, కాబట్టి అటువైపు నుంచి చెప్తాను.

నాకు మాట్లాడుతుంటేనే ఆలోచన కదులుతుంది. అందుకే మీటింగ్ మొదలవగానే తోచింది అనేసేవాణ్ణి, అదే చివరి మాట అని నా ఉద్దేశం కాదు, కానీ వినేవాళ్ళకు అలాగే అనిపించేది. గొడవ ఇష్టంలేని ఇద్దరు వెంటనే సరే అనేవారు. బాగా లోతుగా ఆలోచించే ఒకావిడ నోరు తెరిచేసరికి మేం వేరే విషయంలోకి వెళ్ళిపోయేవాళ్ళం. ఒకసారి ఇలాగే తొందరపడి ఒక గడువు ఒప్పుకున్నాం, పని మూడు వారాలు ఆలస్యమైంది. అసలు ఎక్కడ ఆగిపోతామో ఆవిడ మొదటి రోజే తన నోట్‌బుక్‌లో రాసుకుంది. మరి చెప్పలేదేం అంటే, "అప్పటికే మీరంతా ఒప్పేసుకున్నారు కదా" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

1951లో సాల్మన్ ఆష్ అనే సైకాలజిస్ట్ గీతల పొడవు పోల్చే ప్రయోగం ఒకటి చేశాడు. గదిలో మిగతావాళ్ళు ముందే కూడబలుక్కుని తప్పు చెప్తుంటే, సంగతి తెలియకుండా వచ్చినవాళ్ళ జవాబుల్లో కూడా దాదాపు మూడో వంతు ఆ తప్పు వైపే పోయాయి. గదిలో ఇంకొక్కరు నిజం చెప్తే చాలు, అలా కొట్టుకుపోవడం బాగా తగ్గింది. ఇది చదివాకే, ప్రతిదానికీ అడ్డు చెప్తాడని మేమంతా విసుక్కునే మా ఇంకో సహోద్యోగి విలువ నాకు తెలిసింది. అతను "ఇది కుదరదు" అన్న రోజుల్లోనే మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చేది.

తర్వాత మేం మార్చింది ఒక్కటే. మాటలకు ముందు ఐదు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవడం, తక్కువ మాట్లాడేవాళ్ళతో మొదలుపెట్టి చదవడం, నేను ఆఖర్న. తమ వంతు వచ్చేదాకా ఆగాల్సి రావడం వల్లే గ్రూపుల్లో ఐడియాలు తగ్గిపోతాయని డీల్, స్ట్రోబ్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో చూపించారు, మాకూ సరిగ్గా అదే జరుగుతూ ఉండేది. అయితే నెమ్మదస్తుల్ని అందరి ముందు ఉన్నట్టుండి "నువ్వేమంటావ్?" అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే ఉన్న ఆలోచన కూడా టెన్షన్‌లో పోతుందని ఆవిడే చెప్పింది.

మీ గ్రూపులో ఆ మాటకారితో విడిగా, మెల్లగా ఈ సంగతి చెప్పి చూడండి. నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే వినేవాణ్ణే, తెలియకే అలా చేశాను.