సర్కారు బీమా వస్తోందని పాత పాలసీ ఆపేయొచ్చా?

ముమ్మిడివరం దగ్గర నుంచి ఒక కొబ్బరి రైతు రాశారు: "నాకు 54 ఏళ్ళు, మా ఆవిడకి 50. తనకి షుగరుంది. ఏడేళ్ళుగా 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) కడుతున్నాం. ఇక అన్ని కుటుంబాలకీ ప్రభుత్వమే వైద్య బీమా ఇస్తుందంటున్నారు కదండీ, ఈ ప్రీమియం ఆపేయనా?"

ఆపకండి. ఈ ఏడాది అసలు ఆపకండి.

రాష్ట్రంలో అందరి ఆసుపత్రి బిల్లూ ఒకే నిధి నుంచి కట్టే రోజు రావాలని నేనూ మనసారా కోరుకుంటాను. కట్టేవాడు ఒక్కడే అయితే ఏ ఆపరేషన్‌కి ఎంతో రేటు వాడే తేలుస్తాడు, రోగి దగ్గర బేరం ఉండదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకి ఆ రుచి చూపించింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకున్న విధానం మాత్రం పూర్తిగా అది కాదు. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ (ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు) నడిపే ప్రభుత్వ ట్రస్టు కడతాయి. ఆ పై భాగం మీకు వర్తిస్తుందో లేదో మీ కార్డు చూపించి అడిగి తెలుసుకోండి.

కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం 1962లో ఈ ఒకే నిధి పద్ధతి మొదలుపెట్టి నిలబెట్టుకుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 2011లో చట్టం చేసి కూడా, వేయాల్సిన పన్నుల లెక్క చూసి 2014లో వదిలేసింది. చట్టం అయ్యాక కూడా ఆగిపోవచ్చన్నమాట.

ఇంకోటి, కాలువ శివారు రైతుకి చెప్పక్కర్లేదు: ధవళేశ్వరంలో నీళ్ళున్నా మన చేను దాకా వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ట్రస్టు బకాయిలు పేరుకున్నాయని 2025 అక్టోబరులో ఆ పథకంలో ఉన్న ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు సేవలు ఆపాయి. కార్డు చేతిలో ఉండి కూడా ఆ రోజుల్లో ఆపరేషన్ కావాల్సినవాళ్ళ సంగతి ఆలోచించండి. కాలువ ఉంది కదా అని ఆయిల్ ఇంజను అమ్మేసుకోం కదండీ.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మీ ఆవిడగారి షుగరు. మీరు పంపిన రెన్యువల్ నోటీసు ఫొటోలో ఆవిడ పేరు పక్కన డయాబెటిస్ అని రాసి ఉంది. అంటే దాచకుండా చెప్పే తీసుకున్నారు, చాలా మంచి పని చేశారు. పాత జబ్బులకి క్లెయిము ఇవ్వకుండా కంపెనీలు పెట్టుకోగలిగే వెయిటింగ్ గడువు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్ళు. మీకది ఎప్పుడో దాటిపోయింది. అయిదేళ్ళు దాటిన పాలసీలో, మోసమైతే తప్ప, ఫలానాది చెప్పలేదంటూ క్లెయిము తోసిపుచ్చడానికీ లేదు. ఈ రెండూ మీరు ఏడేళ్ళు కట్టి సంపాదించుకున్నవి. ఇప్పుడు మానేసి రేపు మళ్ళీ కావాలంటే కొత్తవాళ్ళ లెక్కే. షుగరు చూసి ప్రీమియం పెంచుతారు, ఇవ్వం అన్నా అనొచ్చు.

ప్రీమియం బరువనిపిస్తే పాలసీని ఆపకుండానే వేరే కంపెనీకి మార్చుకోండి (పోర్ట్ అంటారు), ఏళ్ళ లెక్క మీతోనే వస్తుంది. నోటీసులో జీఎస్టీ గడి కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద అది సున్నా. 5 లక్షలు చాలవేమోనని పెద్ద పాలసీ కొనే ఆలోచన ఉంటే అది మాత్రం ఆపండి, ప్రభుత్వ కార్డు చేతికొచ్చాక చూద్దాం. గడువు తేదీ దాటకముందే కట్టి, రసీదు తీసి పెట్టుకోండి.