ఆ 4 శాతం మీ నానోట్యూబులది కాకపోవచ్చు

అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో (ద్రవంలో ముంచి శబ్ద తరంగాలతో అదిరించే లోహపు కడ్డీ) శుద్ధి చేసిన కార్బన్ నానోట్యూబులు (కార్బన్‌తో ఏర్పడిన అతి సన్నని గొట్టాలు) గది ఉష్ణోగ్రత దగ్గర తమ బరువులో 4 శాతం హైడ్రోజన్ పట్టాయి, అదే పొడిని సోనికేటర్ బాత్‌లో (ప్రోబ్ ముంచకుండా తొట్టినే అదిరించే పరికరం) పెడితే అర శాతం కూడా రావట్లేదు, బాత్‌లో తప్పేంటి అని అడిగారు. బాత్‌ని వదిలేయండి. నా అనుమానం ప్రోబ్ మీదే.

ప్రోబ్ కొన సాధారణంగా టైటానియం మిశ్రమలోహం. నైట్రిక్ ఆమ్లంలో గంటల తరబడి నడిపితే అరిగి, ఆ రజను మీ పొడిలో కలిసిపోతుంది. హైడ్రోజన్‌ని అదే పట్టేస్తుంది, పేరేమో కార్బన్‌కి వస్తుంది! కొనను లైటు కింద తిప్పి చూడండి, నునుపు పోయి గుంటలు కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే.

ఇందులో మీరు సిగ్గుపడాల్సిందేం లేదు. 1997లో డిల్లన్ అనే శాస్త్రవేత్త బృందం నానోట్యూబులు 5 నుంచి 10 శాతం హైడ్రోజన్ పట్టగలవని అంచనా వేసింది. 2001లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో హిర్షర్ బృందం టైటానియం ప్రోబ్‌తో శుద్ధి చేసి చూస్తే, పట్టిన హైడ్రోజన్‌కి ప్రోబ్ నుంచి రాలిన రజనే కారణమని తేలింది.

ముందు ఈడీఎక్స్‌లో (నమూనాలో ఏ మూలకాలున్నాయో ఎక్స్-కిరణాలతో చూపే పరీక్ష) టైటానియం వెతకండి. తర్వాత నమూనాని వేడిచేస్తూ హైడ్రోజన్ ఎప్పుడు వదులుతుందో చూడండి. కార్బన్‌కి ఊరికే అంటుకున్నది గది ఉష్ణోగ్రతకి చాలా ముందే పోతుంది. వందల డిగ్రీల దాకా వదలకపోతే అది హైడ్రైడ్ (లోహంతో హైడ్రోజన్ కలిసి ఏర్పడే సమ్మేళనం) అయ్యే అవకాశం ఎక్కువ.

కార్బన్ అసలు సత్తా చూడాలంటే 77 కెల్విన్‌లో (ద్రవ నైట్రోజన్ చలి, దాదాపు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) కొలవండి. గ్రాముకి 500 చదరపు మీటర్ల ఉపరితలానికి 1 శాతం చొప్పున లెక్కేసుకోండి.