ఫీజు బాకీకి టీసీ తాకట్టా? పాపకో తోవ, బాబుకో తోవ

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. హనుమకొండలో అద్దెకుండి పిల్లలిద్దరినీ ఒక ప్రైవేటు బడిలో చదివించాం. పాపకు ఆరో తరగతి, బాబుకు తొమ్మిదో తరగతి అయిపోయాయి. పని దొరక్క ఊరికి తిరిగొచ్చాం. ఇద్దరినీ ఇక్కడి జెడ్పీ హైస్కూల్లో వేద్దామంటే పాత బడివాళ్లు టీసీలు ఇవ్వడం లేదు. రూ. 40,500 కట్టాలని చీటీ రాసిచ్చారు. లేదంటే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చి తీసుకుపొమ్మంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు, ఆ చెక్కు ఇవ్వకండి. ఫీజు బాకీ సివిల్ వ్యవహారం. చెక్కు ఇస్తే అది క్రిమినల్ కేసుకు తోవ చేస్తుంది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొచ్చి, నోటీసు అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. అంకె వేయని చెక్కు మీద ఎంత రాసుకుంటారో వాళ్లిష్టం. సంతకం మీదైనప్పుడు ‘నేనంత బాకీ లేను’ అని చూపించుకోవాల్సింది మీరే. చెక్కు బదులు ప్రామిసరీ నోటు అడిగినా ఇవ్వకండి. అది జైలు దాకా పోదు గానీ, కోర్టులో మీ నోరు కట్టేస్తుంది.

ఇక టీసీ. పాప విషయంలో చట్టం సూటిగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఏ కారణంతోనైనా బిడ్డ బడి మారాల్సి వస్తే పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు, వాయిదా వేయకూడదు. కాబట్టి టీసీ కోసం ఎదురుచూడకండి. పాపను తీసుకెళ్లి ఏడో తరగతిలో చేర్చండి. బడిబాట రోజులు దాటిపోయినా పర్వాలేదు, 15వ సెక్షన్ ప్రకారం గడువు ముగిసిందని కూడా కాదనకూడదు. హెడ్మాస్టరు తటపటాయిస్తే ‘5వ సెక్షన్ కింద అడ్మిషన్ కోరుతున్నాను, టీసీ వచ్చాక సమర్పిస్తాను’ అని కాగితం రాసిచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఒక మెలిక ఉంది. ఈ బదిలీ హక్కు ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులకు మారేవాళ్లకే. ఇంకో ప్రైవేటు బడికి వెళ్లేవాళ్లు ఈ సెక్షన్ చూపించి ‘టీసీ లేకున్నా చేర్చుకోవాల్సిందే’ అనలేరు. మీరు జెడ్పీ బడికి వెళ్తున్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

చేరాక వచ్చే చిక్కు కంప్యూటర్లో. పాప పేరు, శాశ్వత విద్యా సంఖ్య (పెన్) యూడైస్ ప్లస్ అనే బడి పిల్లల వివరాల ప్రభుత్వ పోర్టల్‌లో ఇంకా పాత బడి కిందే ఉంటాయి. అక్కడ విడుదల చేస్తేనే కొత్త బడి లాగిన్‌లోకి వస్తాయి. పాత బడివాళ్లు కావాలని ఆ బటన్ నొక్కకుండా కూర్చోవచ్చు. హెడ్మాస్టరు ద్వారా మండల వనరుల కేంద్రంలోని ఎంఐఎస్ కోఆర్డినేటర్‌కు (ఈ కంప్యూటర్ వివరాలు చూసే ఉద్యోగికి) ఆ సంఖ్యతో సహా రాయించండి.

బాబు తోవ వేరు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకు. తొమ్మిది దాటిన బాబుకు 5వ సెక్షన్ పనిచేయదు, టీసీ లేకుండా పదిలో చేర్చుకోవాలన్న నిర్బంధం హెడ్మాస్టరుకు లేదు. పైగా పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) వెళ్లేలోపు పేరు ఎక్కాలి. అందుకే ముందు కదలాల్సింది బాబు కోసమే.

బడి యాజమాన్యానికి ఉత్తరం పెట్టండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే అందినట్టు రశీదు వచ్చేలా పంపండి. అందులో ‘మేం రూ. 40,500 బాకీ ఉన్నాం’ అని మాత్రం రాయకండి. బాకీ వసూలు దావాకు గడువు మూడేళ్లు. గడువులోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది. ‘న్యాయంగా తేలిన మొత్తం వాయిదాల్లో చెల్లించడానికి సిద్ధం, దానికీ టీసీకీ సంబంధం లేదు, ఏడు రోజుల్లో ఇవ్వగలరు’ అంటే చాలు.

వారంలో జవాబు రాకపోతే జిల్లా విద్యాధికారికి (డీఈఓకు) ఫిర్యాదు చేయండి. ఏ డీఈఓకు అన్న దగ్గరే చాలామంది పొరపడతారు. మీరుండేది వరంగల్ జిల్లా, బడి ఉన్నది హనుమకొండ జిల్లా. 2021లో పేర్లు మారినప్పటి నుంచి ఈ తికమక ఉంది. బడి మీద ఫిర్యాదు హనుమకొండ డీఈఓకు, సోమవారం ప్రజావాణిలో ఇస్తే హనుమకొండ కలెక్టరేట్‌లో. కొత్త బడి చేర్చుకోకపోతే మాత్రం వరంగల్ డీఈఓకు. ఇచ్చాక ఏం చేశారో పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి. అధికారి కదలకపోతే బాబు కోసం హైకోర్టులో రిట్ వేయొచ్చు. నా ఫిర్యాదుపై చర్య తీసుకునేలా డీఈఓను ఆదేశించండి అని అడగడమే అందులో తేలికైన దారి.

పాప విషయంలో విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద ఫిర్యాదు కూడా ఉంది. కానీ దాని మీద నిర్ణయానికి మూడు నెలల గడువు, అప్పటికి దసరా సెలవులు దగ్గరపడతాయి. టీసీ ఆపిన హెడ్మాస్టరు మీద ‘సర్వీసు నిబంధనల ప్రకారం చర్య’ అంటుంది చట్టం. ప్రైవేటు బడిలో ఆ చర్య తీసుకోవాల్సింది యాజమాన్యం, టీసీ ఆపమన్నదీ యాజమాన్యమే! చట్టానికి ఇక్కడ పళ్లు లేవు. ఫీజుల సంగతీ అంతే. ఫీజుల కట్టడికి 2009లో తెచ్చిన జీవో 91 హైకోర్టులో నిలవలేదు. 2024లో ఏర్పాటైన తెలంగాణ విద్యా కమిషన్ ఫీజుల నియంత్రణకు చట్టం కావాలని ముసాయిదా ఇచ్చింది. అది మీ చేతిలోని చీటీని ఇవాళ మార్చదు.

ఆ చీటీ చూద్దాం. ట్యూషన్ ఫీజు రూ. 26,500, పుస్తకాలు, యూనిఫాం రూ. 6,000, వచ్చే ఏడాది సీటు కోసం రూ. 8,000. పిల్లలు చదివిన కాలానికి ట్యూషన్ ఫీజు న్యాయమైన బాకీయే, టీసీ వచ్చినంత మాత్రాన అది పోదు. రశీదులతో సరిచూసుకోండి. పుస్తకాలు తీసుకుంటే ఆ డబ్బూ ఇవ్వాలి. పిల్లలు చదవని ఏడాదికి రూ. 8,000 ఎందుకో వాళ్లనే రాతపూర్వకంగా చెప్పమనండి. మిగతాది జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసుకు ముందే లోక్ అదాలత్ ద్వారా వాయిదాలు కుదుర్చుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. దరఖాస్తు పిల్లల తల్లి పేరిట పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

టీసీ చేతికొచ్చిన రోజు కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. పేరులో అక్షరాలు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి. బాబుది పదో తరగతి మెమోలోకి ఎక్కేది ఇదే, తర్వాత దిద్దించడం పెద్ద తిప్పలు. ఇద్దరికీ అక్కడ చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ కూడా అదే రోజు అడగండి. ముందుముందు కాలేజీ సీట్లకు స్థానికత తేల్చేటప్పుడు అవి కావాలి. ఇంకోసారి ఆ గేటు దాకా వెళ్లే పని ఎందుకు పెట్టుకోవడం?