44 ఏళ్లకు తెడ్డు పట్టడం ఆలస్యమా?

ప్రశ్న: అక్కా, మేము వాంకూవర్ వచ్చి ఎనిమిది నెలలైంది. సాయంత్రాలు ఫాల్స్ క్రీక్ ఒడ్డున నడుస్తుంటే, డ్రాగన్ తల ఉండే పొడవాటి డ్రాగన్ పడవల్లో ఇరవై మంది ఒక్కసారిగా తెడ్లు వేస్తూ వెళ్తుంటారు. నాకు 44 ఏళ్లు. ఈత రాదు. నేర్చుకుని పోటీలకు వెళ్లగలనా? మీలాగా కోచ్‌ని కాగలనా? ఇంట్లో నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనివ్వండమ్మా. నేను 46వ ఏట మొదలుపెట్టాను. "గోదావరి మీద పంటు ఎక్కితే కళ్లు మూసుకునేదానివి, నువ్వు పడవ పందేలకా?" అన్నారు మా ఆయన. ఆ మాట అబద్ధమేమీ కాదు.

వయసు గురించి ముందు చెబుతాను. ఈ పోటీల్లో 40 దాటినవారికి సీనియర్ ఎ, 50 దాటినవారికి సీనియర్ బి, 60 దాటినవారికి సీనియర్ సి అని అంతర్జాతీయ సమాఖ్యే విభాగాలు పెట్టింది. అంటే మీరు ఇరవై ఏళ్ల పిల్లలతో పోటీ పడనక్కరలేదు. ఇక ఈ ఊరి సంగతి. 1986లో ఇక్కడ జరిగిన ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన సమయంలో హాంకాంగ్ నుంచి ఇక్కడికి ఈ పడవలు వచ్చాయి. పదేళ్ల తర్వాత, 1996లో, రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్న 24 మంది మహిళలను బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యుడు డాన్ మెకెంజీ డ్రాగన్ పడవ ఎక్కించారు. శస్త్రచికిత్స తర్వాత చేతులకు బరువు పని చెబితే వాపు వస్తుందని అప్పట్లో భయపెట్టేవారు. ఆ భయం నిజమా కాదా అని తేల్చడానికే ఆయన ఆ పని చేశారు. వాపు రాలేదు. ఇప్పుడు అలాంటి జట్లు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఒక సీజనంతా నా పక్క సీట్లో అలాంటి ఆవిడే కూర్చున్నారు. నేను ఆయాసపడుతుంటే ఆవిడ పాటలు పాడేవారు.

మొదటి ఏడాది మీకు అడ్డు పడేది వయసు కాదు, ఉత్సాహం. నా సంగతే చూడండి. బలమంతా చూపించాలని తెడ్డు విసిరేదాన్ని. వెనక కూర్చున్నాయన రోజూ తడిసిపోయేవారు. నెల తిరక్కుండానే నన్ను ముందు వరుసల నుంచి వెనక్కి పంపారు. ఇంటికి వచ్చి ఏడ్చాను కూడా. రోట్లో ఇద్దరు కలిసి దంచడం మీరు చూసే ఉంటారు. అక్కడ బలం కన్నా వరస ముఖ్యం, వరస తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. ఇదీ అంతే. పడవ ముందు కూర్చున్నవారు కొట్టే డప్పు విని అందరూ తెడ్డు వేస్తారని అనుకుంటారు గానీ, నిజానికి చూపు మొదటి వరుసలోని జంట తెడ్ల మీద ఉండాలి. డప్పు కొట్టేవారు కూడా వాళ్లనే చూసి కొడతారు. ఇంకొకటి: చేతులతో లాగకండి. నడుము తిప్పి, తెడ్డు నీటిలో పాతి, కాళ్లతో పడవను నెట్టాలి. చేతులు చేదతాడు లాంటివి, అంతే.

ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి చాలా క్లబ్బులు చేర్చుకుంటాయి. అయినా నేర్చుకోండి. చలికాలంలో ఇక్కడి నీరు పది డిగ్రీల లోపే ఉంటుంది. 1-10-1 అని నేర్పుతారు: నీటిలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. ఆ మొదటి నిమిషంలో ఈత వచ్చినవారు కంగారు తక్కువ పడతారు.

మొదట ఏమీ కొనకండి, తెడ్డూ జాకెట్టూ క్లబ్బే ఇస్తుంది. నూలు బట్టలు మాత్రం వద్దు, తడిస్తే ఒంటికి అతుక్కుని వణికిస్తాయి. ఏడాది గడిచాక సొంత తెడ్డు కొనాలనిపిస్తే, దాని మీద 202ఎ ముద్ర, అంటే అంతర్జాతీయ సమాఖ్య తెడ్డు ప్రమాణం గుర్తు, ఉందో లేదో చూడండి. అంతర్జాతీయ నిబంధనలున్న పోటీల్లో అది లేని తెడ్డును అనుమతించరు.

డబ్బు కట్టే ముందు ఒక మాట అడగండి: పోటీకి మనుషులను ఎలా ఎంచుకుంటారు? నేను మొదట చేరిన చోట సీజన్ రుసుమంతా తీసుకుని, పందెం ముందు రోజు జాబితాలో నా పేరు లేదని చెప్పారు. మంచి జట్లు ముందే చెబుతాయి. చాలాచోట్ల ఒంటరిగా నడిపే అవుట్‌రిగ్గర్ పడవలో (ఒరగకుండా పక్కన తేలే దుంగ ఉండే సన్నని పడవ) మీకెంత సమయం పట్టిందో చూస్తారు. 500 మీటర్ల పందెం రెండు, రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. దానికోసం వానలో ఆరు నెలలు. సీనియర్ ఎ మహిళల జట్టులో నాకు చోటు మూడో ఏట దొరికింది.

కోచ్ కావాలంటే ముందు వెనక నిలబడి పడవను నడపడం నేర్చుకోండి. అక్కడి నుంచి ఇరవై వీపులూ కనబడతాయి, ఎవరు తప్పు చేస్తున్నారో ఇట్టే తెలుస్తుంది. తర్వాత కెనడా జాతీయ కోచింగ్ ధ్రువీకరణ కార్యక్రమం వారి శిక్షణ, ప్రథమ చికిత్స, పోలీసు రికార్డు తనిఖీ. జీతం ఆశించకండి. చాలామందిమి ఉచితంగానే చేస్తాం. అసలు కష్టమేమిటంటే, పడవ ఒరగకుండా మనుషులను వారి బరువును బట్టి కూర్చోబెట్టాలి. మన ఊళ్లో "కాస్త ఒళ్లు చేశారే" అని పలకరించినట్టు ఇక్కడ అడిగితే ఆ మనిషి మళ్లీ రారు. చీటీ మీద రాసి ఇమ్మంటాను.

నా ఇంగ్లీషు ఉచ్చారణతో ఆజ్ఞలు ఎలా ఇస్తానా అని భయపడ్డాను. ఆజ్ఞలన్నీ కలిపి పది మాటలుండవు. కావలసింది గొంతు. పొలం గట్టు మీద నుంచి కేకేసే మా అమ్మ గొంతే నాదీను. ఒకసారి చిన్న ఫెర్రీ ఎదురుగా వచ్చేసరికి కంగారులో "ఆగండి!" అని తెలుగులో అరిచాను. ఒక్కరికీ అర్థం కాలేదు గానీ, ఇరవై తెడ్లూ నీటిలో నిలబడిపోయాయి. మా జట్టులో ఇప్పటికీ అదే మాట.

వసంతంలో కొత్తవారిని తీసుకుంటారు, అప్పుడు వెళ్లండి. ఈలోగా మీ దగ్గరి కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దల ఈత తరగతికి పేరు రాయించండి. అక్కడ చోట్లు తొందరగా నిండిపోతాయి.