జపనీస్ అచ్చుకు అక్షరం ఎంచుకునేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

క్యోటోలో జరిగే టీ వేడుక ఆహ్వానానికీ, దాంతోపాటు పంచే చిన్న పుస్తకానికీ 'పాతకాలపు జపనీస్ ఫాంట్' ఒకటి చెప్పమన్నావు. ఒక్కదాంతో పని జరగదు. శీర్షికకు వేరు, లోపలి వచనానికి వేరు.

వచనానికి మించోనే తీసుకో. నిలువు గీత లావు, అడ్డగీత సన్నం, అడ్డగీత చివర చిన్న త్రికోణం, అదీ మించో. నమూనా చూపిస్తే చాలామంది కంజి అక్షరాలే, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలే చూస్తారు. నువ్వు హిరగాన, అంటే ధ్వనులు రాసే గుండ్రటి లిపి చూడు. మామూలు వచనంలో పేజీ నిండా కనిపించేది అదే, పాతదనం బయటపడేదీ అందులోనే. పాత తరహా హిరగాన కంజి కంటే కాస్త చిన్నగా, కుంచె తిరిగిన దారి తెలిసేలా ఉంటుంది. షుయేయి మించో, ర్యూమిన్‌లో కేఓ రకం ఫాంట్లు అలాంటివే. ఖర్చు వద్దనుకుంటే షిప్పోరి మించో ఉచితం. టోక్యో త్సుకిజి కార్ఖానా సీసపు అచ్చుల ఆధారంగా చేసింది, నాసిరకమేమీ కాదు.

ఏ1 మించో అనే ఫాంటు మీద మోజు పడేముందు భూతద్దం పెట్టి చూడు. గీతలు కలిసే మూలల్లో సిరా ఊరినట్టు కావాలనే గుండ్రం చేశారు. నున్నటి కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. సిరా పీల్చే గరుకు కాగితం మీద అసలు సిరా కూడా ఊరుతుంది, చిన్న సైజులో మూలలు పూడిపోతాయి.

సైజు 13 క్యూ పెట్టు. క్యూ అంటే పావు మిల్లీమీటరు, అంటే అక్షరం 3.25 మిల్లీమీటర్లు. వరుసకూ వరుసకూ 22 నుంచి 24 క్యూ. నల్లటి నేల మీద తెల్ల అక్షరాలైతే ఒక మెట్టు లావు రకం వాడు, లేకపోతే సన్నటి అడ్డగీతలు సిరాలో మునిగిపోతాయి.

శీర్షికకు కైషో (విడివిడి గీతల కుంచె రాత) గానీ గ్యోషో (కాస్త కలిపి రాసే కుంచె రాత) గానీ చాలు. కంతేర్యూ జోలికి మాత్రం పోకు. అది 1779లో కబుకి నాటకశాల బోర్డులకు పుట్టిన రాత. జనం లోపలికి రావాలని గీతల్ని లోపలికి వంచి, సీట్లు ఖాళీ ఉండకూడదని సందు లేకుండా నింపుతారు. టీ గదికి ఆ గోల ఎందుకు?

నిలువుగా పేర్చాక మూడు చోట్ల కన్నేసి ఉంచు. దీర్ఘం గుర్తు నిలువుగా నిలబడాలి, పూర్ణవిరామం తన గడిలో కుడివైపు పైమూలకు వెళ్లాలి, హల్లు ఒత్తి పలకాలని చెప్పే చిన్న 'త్సు' అక్షరం కుడివైపుకు జరగాలి. ఇవి అడ్డం పేజీలోలాగే ఉండిపోతే జపాన్ వాళ్లకు మొదటి చూపులోనే దొరికిపోతావు. సాఫ్ట్‌వేర్‌లో భాష జపనీస్ అని పెట్టడం మరిచిపోకు, లేకపోతే కొన్ని కంజిలు చైనా రూపంలో పడతాయి.

ఇక పేర్లు. వతనబే అనే ఇంటిపేరులో 'బే' కంజి ఒక్కదానికే బోలెడు రూపాలు. పేరులో ఎస్‌టీడీ అని ఉన్న ఫాంటులో 9,354 అక్షర ఆకారాలే, పీఆర్6 అని ఉన్నదాంట్లో 23,058. అతిథుల పేర్లు వాళ్లు రాసుకునే రూపంలోనే తెప్పించుకుని, ఫాంటులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ కొట్టి చూసుకున్నాకే డబ్బు కట్టు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య