‘బ’ వరుసలో భీముడికి చోటుందా?

ప్రశ్న: సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ రెండు జట్లుగా చేరి, ఒక అక్షరం అనుకొని, దానితో మొదలయ్యే పురాణ పాత్రల పేర్లు, జానపద కథల్లోని పేర్లు చెప్పే ఆట ఆడుతున్నాము. ‘బ’ వచ్చినప్పుడు మా మనవడు భీముడన్నాడు. ఎదుటి జట్టు ఒప్పుకోలేదు. అర్జునుణ్ణి ‘అ’లో చెప్పేశాక బృహన్నలను ‘బ’లో ఎలా చెబుతారని మరో తగవు వచ్చింది. తీర్పు చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: భీముడు చెల్లడు. పద్యంలో ‘బ’కు ‘భ’తో యతి కుదురుతుంది కనుక మీ మనవడికి ఆ మాత్రం ఆధారం ఉన్నది గాని, వర్ణమాలలో అవి వేర్వేరు అక్షరాలు, మీ ఆట అక్షరాన్ని బట్టి సాగేది. విరాటుడి వంటశాలలో చేరినప్పుడు భీముడు పెట్టుకొన్న పేరు సంస్కృత భారతంలో బల్లవుడు కనుక, ఆ పేరు చెప్పి ఉంటే ఎవరూ కాదనలేకపోయేవారు. అయితే నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులో ఉన్న మన తిక్కన అతణ్ణి వలలుడన్నాడు. తెలుగు భారతమే ప్రమాణమని మీరు ముందే అనుకొని ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

బృహన్నలను మాత్రం ఒప్పుకోవలసిందే. ఉత్తరకు నాట్యం నేర్పినదీ, ఉత్తరకుమారుడి రథానికి పగ్గాలు పట్టినదీ ఆ పేరుతోనే. కౌరవసేనను చూసి రథం దిగి పారిపోతున్న రాకుమారుణ్ణి పట్టుకోవడానికి పొడవాటి జడ ఊగుతుండగా, ఎర్రని బట్టలు రెపరెపలాడుతుండగా పరుగెత్తిన ఆ రూపాన్ని చూసి సైనికులు కొందరు నవ్వారే గాని గాండీవిగా పోల్చుకోలేదు. కథలో అంత పని చేసిన పేరును మారుపేరని తోసివేయడం నాకు సబబుగా తోచదు. ఇదే న్యాయం బాహుకుడికీ వర్తిస్తుంది. అతడు నలుడే అయినా, ఋతుపర్ణుడి రథాన్ని విదర్భకు తోలినది బాహుకుడుగానే. ఆ నలకథను అరణ్యవాసంలో ధర్మరాజుకు చెప్పిన ముని బృహదశ్వుడు కావడం వల్ల మీకు మరో పేరు ఉచితంగా దొరుకుతుంది.

బలి, అతడి కొడుకు బాణాసురుడు, ఏకచక్రపురంలో భీముడి చేత చచ్చిన బకాసురుడు, బలరాముడు, బృహస్పతి, బాహ్లికుడు – వీరి విషయంలో వాదమే లేదు. బ్రహ్మకు రవత్తు ఉన్నదని ఎవరైనా అడ్డుపడితే వినకండి.

జానపదంలో బాలనాగమ్మ, ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకొన్న మాయల ఫకీరు చెర నుంచి ఆమెను విడిపించిన కొడుకు బాలవర్ధి, విక్రమార్కుడి భుజమెక్కి చిక్కుప్రశ్నలడిగిన బేతాళుడు అందరికీ గుర్తుకొచ్చేవారే. మన జిల్లాల్లో తోలుబొమ్మలాట చూసినవారు మాత్రం బంగారక్కను మరచిపోరాదు. రామాయణం ఆడుతున్నా, భారతం ఆడుతున్నా నడుమ జుట్టుపోలిగాడితో తగవు పెట్టుకొంటూ తెర మీదికి వచ్చే ఆమె ఏ పురాణంలోనూ లేదని ఎదుటి జట్టు అభ్యంతరం చెప్పవచ్చు. పురాణంలో లేనివారికీ చోటివ్వాలని మీ నియమంలోనే ఉన్నది కదా.