50 మీటర్ల .22 రైఫిల్‌కు కస్టమ్ బ్యారెల్: కట్ రైఫ్లింగా, బటనా, 5ఆరా?

రాజురా నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: 50 మీటర్ల ప్రోన్‌కి (పడుకుని కాల్చే పోటీకి) వాడే .22 రైఫిల్‌కు కొత్త బ్యారెల్ వేయించాలనుకుంటున్నాడు. కట్, బటన్, 5ఆర్, పాలిగోనల్ అని ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతుంటే ఏది తీసుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నాడు.

తమ్ముడూ, మీ ఆటకు బటన్ గానీ కట్ గానీ తీసుకోండి. రెండూ సరిపోతాయి. మిగతా రెండింటి గురించి ఆలోచన పెట్టుకోవద్దు. కారణాలు చెబుతాను.

నేనుండేది బల్లార్షాలో. లేత్ షాపులో గనుల మెషిన్లకు వచ్చే హైడ్రాలిక్ సిలిండర్లు హోనింగ్ చేస్తాను (లోపలి గోడ నునుపు చేస్తాను), ప్రాక్టీసుకు నాగపూర్ వెళ్తాను. అందుకే బ్యారెల్ చేతికొస్తే ముందు నా కన్ను బోర్ (లోపలి రంధ్రం) మీదికే పోతుంది.

మీరు విన్న పేర్లలో రెండు రకాలు కలిసిపోయాయి. కట్, బటన్ అనేవి బోర్ లోపల తూటాను తిప్పే మెలి గాడి (రైఫ్లింగ్) చేసే పద్ధతులు. 5ఆర్, పాలిగోనల్ అనేవి గాడి ఆకారాలు. 5ఆర్ గాళ్లనే కట్ పద్ధతిలో కోయవచ్చు.

కట్ పద్ధతిలో ఒక చిన్న పన్ను ఒక్కో గాడిని కొంచెం కొంచెంగా గీస్తూ పోతుంది. చాలా టైం పడుతుంది, కానీ లోహం మీద ఒత్తిడి పెద్దగా మిగలదు. క్రీగర్, బార్ట్‌లైన్ కంపెనీలది ఈ పద్ధతే. బటన్ పద్ధతిలో కార్బైడ్ ముక్కను బోర్ గుండా ఒక్కసారి లాగితే లోహం పక్కకు నొక్కుకుపోయి గాళ్లన్నీ ఒకేసారి పడతాయి. షిలెన్, లిల్యా బ్యారెళ్లు ఇలా చేస్తారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. నొక్కిన లోహంలో ఒత్తిడి దాగి ఉంటుంది. వేడి చేసి దాన్ని తీసేయకుండా బయటి వైపును లేత్ మీద చెక్కి సన్నబరిస్తే, సన్నబడిన చోట బోర్ విచ్చుకుంటుంది. మజిల్ (తూటా బయటికొచ్చే మూతి) వైపు విచ్చుకుందంటే ఆ బ్యారెల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. సీసపు తూటా చివర్లోనే పట్టు తప్పుతుంది. .22కి మజిల్ వైపు బోర్ వెంట్రుకవాసి బిగువుగా ఉంటే ఇంకా మంచిది. కాబట్టి బటన్ బ్యారెల్ అయితే స్ట్రెస్ రిలీఫ్ (వేడి చేసి ఒత్తిడి తీయడం) చేశారా, బయటి కాంటూర్ (ఆకారం) చెక్కింది దానికి ముందా తర్వాతా అని తప్పకుండా అడగండి. సన్నని కాంటూర్ లేదా ఫ్లూటింగ్ (బరువు తగ్గించే బయటి గాళ్లు) కావాలంటే నేనైతే కట్ వైపే మొగ్గుతాను.

ఇంకో పద్ధతి హామర్ ఫోర్జింగ్, అంటే బ్యారెల్‌ను బయటి నుంచి సుత్తులతో కొట్టి లోపల గాళ్లు పడేలా చేయడం. అది ఫ్యాక్టరీల పని. ఒక్క బ్యారెల్ ఆర్డర్‌కు ఆ మెషిన్ ఎవరూ తిప్పరు.

ఇక 5ఆర్. రష్యా బ్యారెళ్ల ఐదు గాళ్ల పద్ధతిని చూసి అమెరికాలో బూట్స్ ఓబర్‌మేయర్ దీన్ని రూపొందించారు. గాళ్ల మధ్య మిగిలే గట్ల అంచులు నిటారుగా కాకుండా వాలుగా ఉంటాయి, ప్రతి గట్టుకు ఎదురుగా గాడి వస్తుంది. తూటా మీది రాగి తొడుగు (జాకెట్) తక్కువ నలుగుతుందని, రాగి మరక సులభంగా పోతుందని దీన్ని మెచ్చుకుంటారు. మీ .22 రౌండుకు జాకెట్టే లేదు కదా! .308 వాడేవాళ్లకు ఆ మాట పనికొస్తుంది, మీకు కాదు. పాలిగోనల్ (పలకల బోర్) కొత్తదేమీ కాదు, 1850లలోనే ఇంగ్లండ్ ఇంజనీర్ విట్‌వర్త్ ఆరు పలకల బోర్‌తో రైఫిల్ చేశాడు. కానీ .22 మ్యాచ్ బ్యారెళ్లలో దాని కోసం వెతుక్కుంటూ పోయేంత లాభం నాకు కనిపించలేదు.

రైఫ్లింగ్‌ను మందుగుండుతో కలిపే చూడాలి. 1888లో వచ్చిన బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-మెట్‌ఫర్డ్‌లో గాళ్లు లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్లమందుకు బాగా నప్పాయి. కార్డైట్ (పొగ తక్కువ వచ్చే మందు) వచ్చాక దాని వేడికి త్వరగా అరిగిపోయాయి. 1895లో లోతైన ఐదు గాళ్ల ఎన్‌ఫీల్డ్ రైఫ్లింగ్ పెట్టాల్సి వచ్చింది. ఠాణాల్లో మనం చూసిన .303ల వంశం అదే.

మా క్లబ్బులో ఒక సీనియర్‌ది కట్ బ్యారెల్, నాది బటన్. రెండు రైఫిళ్లనూ వైస్‌లో బిగించి, ఒకే కంపెనీ రౌండ్లను వేర్వేరు లాట్‌ల (ఒకేసారి తయారైన బ్యాచ్‌ల) నుంచి తీసి కాల్చి చూశాం. బ్యారెల్ మారినప్పటి కంటే లాట్ మారినప్పుడే గ్రూపు (తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) ఎక్కువ మారింది. నా దాంట్లో ముద్దగా పడ్డ లాట్ ఆయన దాంట్లో చెదిరింది. 50 మీటర్లలో పది రింగు 10.4 మిల్లీమీటర్లే, ఆ తేడా పాయింట్లలో కనిపిస్తుంది.

అందుకని డబ్బు పెట్టాల్సింది బోర్ మొదటి నుంచి చివరిదాకా సమానంగా ఉండటం మీద, చాంబర్ (రౌండు కూర్చునే చోటు) నేరుగా పడటం మీద, క్రౌన్ (మజిల్ అంచు) శుభ్రంగా ఉండటం మీద. ట్విస్ట్ (గాడి మెలిక) 16 అంగుళాలకు ఒక చుట్టు, .22 లాంగ్ రైఫిల్‌కు మామూలుగా ఉండేదే, చాలు. బ్యారెల్ చేతికి రాగానే బిగువైన ప్యాచ్‌ను (గుడ్డముక్కను) రాడ్‌తో మెల్లగా తోసి చూడండి. మధ్యలో వదులైనట్టు, మళ్లీ పట్టినట్టు చేతికి తెలిస్తే చాంబర్ చేయించకముందే వెనక్కి పంపేయండి.

చట్టం ప్రకారం బ్యారెల్ కూడా ఆయుధమే. దిగుమతికి అనుమతి కావాలి, బిగింపు లైసెన్సున్న వాళ్ల చేతుల మీదుగానే జరగాలి, మా లాంటి లేత్ షాపుల్లో దాన్ని ముట్టుకోకూడదు. ఆర్డర్ ఇచ్చే ముందు మీ లైసెన్సులో రౌండ్ల కోటా ఎంతుందో చూసుకోండి. కొత్త బ్యారెల్‌కు నప్పిన లాట్ దొరికాక సీజన్‌కు సరిపడా ఒకేసారి తీసుకోవాల్సి ఉంటుంది, ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి.